మోడ్ లెక్కలో రెండు ఆన్సర్లు వచ్చాయి, రెండూ తప్పే, ఎందుకు?

మీరు అడిగింది ఇదీ: |2ఎక్స్ − 5| = ఎక్స్ − 4 (ఆ రెండు నిలువు గీతలే మోడ్) అనే లెక్కని ప్లస్ కేసు ఒకసారి, మైనస్ కేసు ఒకసారి పెట్టి చేశారు, మొదటిదాంట్లో 1 వచ్చింది, రెండోదాంట్లో 3 వచ్చింది, స్టెప్పులన్నీ మూడుసార్లు చూసుకున్నా తప్పెక్కడో దొరకలేదు, వెనక ఉన్న కీలో మాత్రం సాధన లేదు అని ఉంది. కీ తప్పా, నేను తప్పా, గ్రాఫ్ గీసి ఉంటే ఇది ముందే తెలిసేదా, ఎగ్జామ్‌లో గ్రాఫ్ గీస్తే ఒప్పుకుంటారా, ఇవీ మీ డౌట్లు.

కీ కరెక్టే. మీ స్టెప్పుల్లో కూడా తప్పు లేదు, అందుకే మీకు దొరకలేదు. చేసిన పని తప్పు కాదు, మధ్యలో వదిలేశారు అంతే.

ముందు వచ్చిన 1ని తీసుకెళ్ళి అసలు లెక్కలో పెట్టండి. ఎడమవైపు 2 − 5 అంటే −3, దాని మోడ్ 3. కుడివైపు 1 − 4 అంటే −3. కలవలేదు. ఇప్పుడు 3 పెట్టండి, ఎడమవైపు |6 − 5| అంటే 1, కుడివైపు 3 − 4 అంటే −1. మళ్ళీ కలవలేదు. కానీ ఒకటి గమనించారా, రెండుసార్లూ అంకె అదే వచ్చింది, గుర్తు ఒక్కటే తిరగబడింది. ఇదేదో అనుకోకుండా జరిగింది కాదు, ఈ తప్పుడు ఆన్సర్లు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయో చెప్పే క్లూ అదే, దాని దగ్గరికి కాసేపట్లో వస్తా.

మోడ్ అంటే ఏంటి అని ఎవర్ని అడిగినా మైనస్ తీసేయడం అంటారు. అంకెలున్నంతసేపు ఆ మాటతో పని జరిగిపోతుంది, |−7| అంటే 7, గొడవ లేదు. అక్షరాలు వచ్చేసరికే ఆ మాట ముంచుతుంది. |−ఎక్స్| = ఎక్స్ అని ధైర్యంగా రాసేవాళ్ళని చాలామందిని చూశాను, ఎక్స్ విలువ −7 అయితే ఏం చేస్తారు మరి, ఎడమవైపు 7, కుడివైపు −7. మైనస్ ఎక్స్ అని కనపడగానే అది మైనస్ సంఖ్యే అనుకోవడం మనందరికీ ఉన్న పాత అలవాటు, ఎక్స్ లోపలే మైనస్ దాక్కుని ఉంటే మైనస్ ఎక్స్ అనేది శుభ్రంగా ప్లస్ సంఖ్య. అందుకని మోడ్‌ని ఇలా గుర్తుపెట్టుకోండి, లోపలున్నది సున్నా గానీ ప్లస్ గానీ అయితే దాన్ని ముట్టుకోకుండా బయటకి వదిలేస్తుంది, లోపలున్నది మైనస్ అయితే దానికి ఇంకో మైనస్ తగిలించి బయటకి పంపుతుంది. ఇందులో "అయితే" అనే మాట రెండుసార్లు వచ్చింది చూడండి, మీ లెక్కలో జారిపోయింది ఆ మాటే. (ఈ రెండు నిలువు గీతల గుర్తు వాడకంలోకి తెచ్చింది కార్ల్ వయర్‌స్ట్రాస్ అనే జర్మన్ గణితవేత్త, 1841లో. నా లెక్కన అంతకంటే క్లుప్తంగా ఇంత మందిని తికమక పెట్టిన గుర్తు ఇంకోటి లేదు.)

ఇంకో చూపు కూడా ఉంది, నాకు అదే ఇష్టం. |ఎక్స్ − 3| అంటే సంఖ్యారేఖ మీద ఎక్స్‌కీ 3కీ మధ్య దూరం. |ఎక్స్ − 3| = 5 అంటే 3 నుంచి 5 అడుగులు దూరంలో ఎవరున్నారు అని అడుగుతున్నట్టు, కుడికి నడిస్తే 8, ఎడమకి నడిస్తే −2, ఐపోయింది, కేసులూ గీసులూ అక్కర్లేదు. |ఎక్స్ + 4| ఉంటే దాన్ని ఎక్స్ మైనస్ (−4)గా చదవాలి, అంటే −4 నుంచి దూరం, ఇక్కడ 4 నుంచి అనుకుని బోల్తా పడేవాళ్ళు ఎక్కువ. దూరం అని చూస్తే |3ఎక్స్ + 1| = −2 లాంటిది చూడగానే పెన్ను కింద పెట్టేయొచ్చు, దూరం మైనస్ 2 ఎక్కడైనా ఉంటుందా. ఆ లెక్కలో కూడా గుడ్డిగా రెండు కేసులు చేస్తే 1/3 అనీ −1 అనీ రెండు ఆన్సర్లు ముచ్చటగా వచ్చి కూర్చుంటాయి, రెండూ పనికిరావు.

ఇంకో చిన్న విషయం చెప్పి అసలు దానికి వస్తా. మోడ్‌ని ఒంటరిగా ఒక పక్కకి తెచ్చాకే విడగొట్టాలి. 2|ఎక్స్ − 1| + 3 = 11 ఉందనుకోండి, ముందు 3 అటు పంపి 2తో భాగిస్తే |ఎక్స్ − 1| = 4, ఆన్సర్లు 5, −3. అలా కాకుండా తొందరపడి మోడ్ గీతలు చెరిపేసి 2(ఎక్స్ − 1) + 3 = −11 అని రాస్తే ఎక్స్ = −6 వస్తుంది, అది పెట్టి చూస్తే ఎడమవైపు 17, ఎక్కడి 11, ఎక్కడి 17.

సరే, మీ లెక్క. ప్లస్ కేసు అని మీరు రాసింది 2ఎక్స్ − 5 = ఎక్స్ − 4. అలా రాసే హక్కు మీకు ఎప్పుడుంది? లోపలున్న 2ఎక్స్ − 5 సున్నా లేదా ప్లస్ అయినప్పుడే, అంటే ఎక్స్ కనీసం 2.5 ఉన్నప్పుడే. కానీ వచ్చింది 1. అంటే "నువ్వు 2.5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే ఎవరివి?" అని అడిగితే "నేను 1ని" అని చెప్పింది, ఆ మాట చెల్లదు. మైనస్ కేసులో −2ఎక్స్ + 5 = ఎక్స్ − 4, ఇది ఎక్స్ 2.5 కంటే తక్కువ ఉన్నప్పుడే చెల్లుతుంది, వచ్చింది 3, ఇదీ కొట్టేయాల్సిందే. కేసు అంటే ఈక్వేషన్ ఒక్కటే కాదు, ఈక్వేషన్ ప్లస్ దాని కండిషన్, రెండూ కలిపితేనే కేసు. మీరు ఈక్వేషన్ మాత్రం తీసుకుని కండిషన్‌ని గాలికొదిలేశారు, మీరొక్కరే కాదు లెండి, ఎక్కువమందికి రెండు కేసులు అని నేర్పినప్పుడు ఆ రెండో సగం చెప్పరు.

దీనికంటే తేలిక దారి ఒకటుంది, నేనైతే ఇదే వాడతా. ఎడమవైపు మోడ్ ఒంటరిగా ఉంది కాబట్టి అది ఎప్పటికీ మైనస్ కాదు, కాబట్టి ఆర్‌హెచ్‌ఎస్ అంటే కుడివైపు ఉన్నది కూడా మైనస్ కాకూడదు, అంటే ఎక్స్ − 4 సున్నా లేదా ప్లస్, అంటే ఎక్స్ కనీసం 4 ఉండాలి. ఈ ఒక్క లైను లెక్క మొదట్లోనే రాసి పెట్టుకుంటే చాలు, తర్వాత రెండు ఈక్వేషన్లూ నిశ్చింతగా సాధించుకోండి, వచ్చినవాటిలో 4కి తక్కువైనవాటిని తీసేయండి, మిగిలినవి గ్యారంటీగా ఆన్సర్లే. వేరే కండిషన్లు చూడక్కర్లేదా అంటే అక్కర్లేదు, ఎందుకంటే ఆర్‌హెచ్‌ఎస్ మైనస్ కానప్పుడు ఒక సంఖ్య మోడ్ దానికి సమానం అనడమూ, ఆ సంఖ్య ప్లస్ ఆర్‌హెచ్‌ఎస్ గానీ మైనస్ ఆర్‌హెచ్‌ఎస్ గానీ అవుతుంది అనడమూ రెండూ ఒకటే మాట. మూడో దారి మీకు తెలిసిందే, వచ్చినవి తీసుకెళ్ళి మొదటి లెక్కలో పెట్టి చూడటం, టైమ్ ఉంటే అదీ చేయండి, కానీ ఆన్సర్‌లో రూట్లు, భిన్నాలు వచ్చినప్పుడు అది తలనొప్పి.

కొంతమంది కేసులు ఎందుకు, రెండు వైపులా స్క్వేర్ చేస్తే మోడ్ పోతుందిగా అంటారు. చేద్దాం. 4ఎక్స్² − 20ఎక్స్ + 25 = ఎక్స్² − 8ఎక్స్ + 16, అన్నీ ఒకవైపు తెచ్చి 3తో భాగిస్తే ఎక్స్² − 4ఎక్స్ + 3 = 0, ఎక్స్ = 1 లేదా 3. మళ్ళీ అవే ఇద్దరు దొంగలు! ఎందుకంటే స్క్వేర్ చేయగానే ఎక్స్ − 4 కీ 4 − ఎక్స్ కీ తేడా చెరిగిపోతుంది, రెండిటి స్క్వేరూ ఒకటే కదా. అంటే మీరు తెలియకుండానే రెండు లెక్కల్ని ఒకేసారి చేస్తున్నారు, ఒకటి మీది, ఇంకోటి |2ఎక్స్ − 5| = 4 − ఎక్స్. ఇప్పుడు 1, 3 ఆ రెండో దాంట్లో పెట్టి చూడండి, 1 పెడితే ఇటు 3 అటు 3, 3 పెడితే ఇటు 1 అటు 1. చక్కగా సరిపోయాయి. అదీ సంగతి, మొదట్లో గుర్తు ఒక్కటే తిరగబడింది అన్నానే, ఇందుకే. మీకొచ్చిన ఆన్సర్లు తప్పుడు ఆన్సర్లు కావు, పక్కింటి లెక్కకి కరెక్ట్ ఆన్సర్లు, అడ్రస్ మారి మీ ఇంటికొచ్చాయి.

ఇదే మాట గ్రాఫ్‌లో కంటికి కనపడుతుంది. ఒక కాగితం తీసుకోండి. వై = |2ఎక్స్ − 5| గీయాలంటే ముందు మొన ఎక్కడో పట్టుకోవాలి, లోపలున్నది ఎక్కడ సున్నా అవుతుందో అక్కడే మొన, 2ఎక్స్ = 5 అంటే ఎక్స్ = 2.5, పాయింటు (2.5, 0). అక్కణ్ణుంచి కుడికి స్లోప్ 2, ఎడమకి స్లోప్ −2, అంటే ఒక గడి పక్కకి జరిగితే రెండు గళ్ళు పైకి. ఎక్స్ = 1 దగ్గర ఎత్తు 3, 2 దగ్గర 1, 3 దగ్గర 1, 4 దగ్గర 3. నిటారుగా ఉండే వి ఆకారం. దాని మీదే వై = ఎక్స్ − 4 గీత గీయండి, అది (4, 0) దగ్గర అక్షాన్ని దాటుతుంది, స్లోప్ 1. ఇప్పుడు చూడండి, గీత అక్షం పైకి వచ్చేసరికే ఎక్స్ 4 అయిపోయింది, అప్పటికి వి ఆకారం 3 గళ్ళ ఎత్తులో ఉంది, పైగా వి ఒక్కో గడికి రెండు ఎక్కుతుంటే గీత ఒకటే ఎక్కుతోంది, ఇక ఎప్పటికి అందుకుంటుంది? అందుకోదు. 4 కంటే ఎడమ పక్కన గీత అక్షానికి కింద ఉంది, వి ఎప్పుడూ అక్షం కిందికి దిగదు. రెండూ ఎక్కడా కలవవు, సాధన లేదు, ముప్పై సెకన్ల పని.

ఆగండి, గ్రాఫ్ ఇంకా మడవకండి. అదే వి ఆకారాన్ని అక్షం మీద అద్దం పెట్టినట్టు కిందికి తిప్పి చుక్కల గీతతో గీయండి, అది వై = −|2ఎక్స్ − 5|. మీ వాలు గీత ఆ తలకిందుల విని రెండు చోట్ల కోస్తుంది, (1, −3) దగ్గర ఒకసారి, (3, −1) దగ్గర ఒకసారి. ఎక్స్ విలువలు చూశారా, 1, 3. మీ దొంగ ఆన్సర్లు రెండూ నీడలో నిలబడి ఉన్నాయి. ఈ బొమ్మ ఒక్కసారి చేత్తో గీసినవాళ్ళు తర్వాత కండిషన్ మర్చిపోవడం నేను చాలా తక్కువ చూశాను, పది లెక్కలు చేయించినా రాని పట్టు ఈ ఒక్క చుక్కల గీతతో వస్తుంది, అందుకే ఇంత సాగదీసి చెప్తున్నా.

ఇంకాస్త ముందుకెళ్దాం. ఆ 4 బదులు సి అని పెట్టి |2ఎక్స్ − 5| = ఎక్స్ − సి అనుకోండి. సి మారుతుంటే గీత అదే వాలుతో పక్కకి జరుగుతూ ఉంటుంది, వి కదలదు. సి విలువ 2.5 అయితే గీత సరిగ్గా మొనని తాకుతూ పోతుంది, ఒకే ఆన్సర్, ఎక్స్ = 2.5. సి అంతకంటే తక్కువైతే గీత మొనకి పైనుంచి పోతుంది, రెండు చేతుల్నీ కోస్తుంది, రెండు ఆన్సర్లు, ఉదాహరణకి సి = 1 పెడితే 2, 4 వస్తాయి, చేసి చూసుకోండి. సి 2.5 దాటితే ఏమీ లేదు, మీది 4, దాటేసింది. అంటే లెక్క మొదలెట్టకుండానే, మొన ఎక్కడుంది, గీత దానికి పైనుందా కిందుందా, ఏది ఎక్కువ నిటారుగా ఉంది, ఈ మూడూ చూస్తే ఎన్ని ఆన్సర్లు రావాలో తెలిసిపోతుంది. నా దృష్టిలో గ్రాఫ్ అసలు ఉపయోగం ఇదే, ఎన్ని రావాలో గ్రాఫ్ చెప్తుంది, ఎంతెంతో ఆల్జీబ్రా చెప్తుంది.

స్లోపులు సమానమైతే మాత్రం కథ మారుతుంది, అక్కడ జాగ్రత్త. |2ఎక్స్ − 5| = 2ఎక్స్ − 1 తీసుకుంటే గీత వి కుడి చేతికి సమాంతరం, కాబట్టి కుడివైపు ఎప్పటికీ కలవదు, ప్లస్ కేసులో −5 = −1 అని అర్థంలేనిది వస్తుంది, ఎడమ చేతిని మాత్రం 1.5 దగ్గర కోస్తుంది, ఒకటే ఆన్సర్. అదే |2ఎక్స్ − 5| = 2ఎక్స్ − 5 అయితే గీత కుడి చేతి మీదే పడుకుంటుంది, 2.5 నుంచి మొదలుపెట్టి అటువైపున్న సంఖ్యలన్నీ ఆన్సర్లే. దీన్ని చూసి "రెండు వైపులా ఒకటే ఉంది కాబట్టి అన్ని సంఖ్యలూ" అని రాసి మార్కులు పోగొట్టుకునేవాళ్ళున్నారు, 0 పెట్టి చూస్తే ఇటు 5 అటు −5. ఇదే సరుకు రూట్ వేషంలో కూడా వస్తుంది, √(ఎక్స్ − 3)² = 3 − ఎక్స్ అని ఇస్తారు, స్క్వేరుకి రూట్ అంటే ఎక్స్ − 3 కాదు, |ఎక్స్ − 3|, కాబట్టి ఆన్సర్ ఎక్స్ 3 గానీ అంతకంటే తక్కువ గానీ.

రెండు వైపులా మోడ్ ఉంటే భయపడతారు గానీ అదే అన్నిటికంటే సుఖం. |ఎక్స్ − 1| = |2ఎక్స్ + 3| ఉంటే ప్లస్ ప్లస్, ప్లస్ మైనస్, మైనస్ ప్లస్, మైనస్ మైనస్ అని నాలుగు కేసులు రాయక్కర్లేదు, రెండే, లోపలివి సమానం లేదా ఒకటి ఇంకోదానికి మైనస్. ఎక్స్ − 1 = 2ఎక్స్ + 3 అయితే −4, ఎక్స్ − 1 = −2ఎక్స్ − 3 అయితే −2/3. దొంగ ఆన్సర్ల బెడద లేదు, ఎందుకంటే రెండు వైపులూ ఎలాగూ మైనస్ కావు, చెక్ చేయడం కూడా మీ తృప్తి కోసమే.

మోడ్‌లు కూడికలో ఉంటే అక్కడ స్క్వేర్ చేయడం మర్చిపోండి, బురదలో దిగినట్టే. |ఎక్స్ − 1| + |ఎక్స్ − 4| = 5 తీసుకుందాం. 1, 4 అనే రెండు మొనలు సంఖ్యారేఖని మూడు ముక్కలు చేస్తాయి, 1కి ఎడమవైపు, 1కీ 4కీ మధ్య, 4కి కుడివైపు, ఒక్కో ముక్కలో గుర్తులు మారవు కాబట్టి మోడ్ తీసేసి మామూలుగా రాసుకోవచ్చు. ఎడమ ముక్కలో మొత్తం 5 − 2ఎక్స్, మధ్య ముక్కలో (ఎక్స్ − 1) + (4 − ఎక్స్), ఎక్స్ పోయి ఉత్త 3 మిగులుతుంది, కుడి ముక్కలో 2ఎక్స్ − 5. గ్రాఫ్ గీస్తే ఇది వి కాదు, అడుగు చదునుగా ఉన్న తొట్టిలా ఉంటుంది, అడుగు 3 ఎత్తులో, 1 నుంచి 4 దాకా. 5 ఎత్తులో అడ్డగీత గీస్తే తొట్టి రెండు గోడల్నీ 0 దగ్గరా 5 దగ్గరా కోస్తుంది, అవే ఆన్సర్లు. ఐదు బదులు 2 ఇచ్చారనుకోండి, గీత తొట్టి అడుక్కి కింద పోతుంది, ఏమీ లేదు. 3 ఇస్తే గీత అడుగు మీదే కూర్చుంటుంది, 1 నుంచి 4 దాకా ఉన్న ప్రతి సంఖ్యా ఆన్సరే, 2 కూడా, 3.7 కూడా. దూరాలుగా చూస్తే ఇది ఇంకా తేలిక, 1 నుంచి దూరం, 4 నుంచి దూరం కలిపి ఎంత అని అడుగుతున్నారు, ఆ రెండిటి మధ్య ఎక్కడ నిలబడినా మొత్తం వాటి మధ్యనున్న 3 యే, బయటకి వెళ్తేనే పెరుగుతుంది. ఇలాంటి లెక్కకి కేసులు చేస్తూ మధ్య ముక్కలో 3 = 3 రాగానే "ఇదేంటి ఎక్స్ పోయింది, లెక్క తప్పింది" అని కొట్టేసేవాళ్ళు ఉన్నారు, ఎక్స్ పోయి నిజమైన మాట మిగిలితే ఆ ముక్క మొత్తం ఆన్సర్, ఎక్స్ పోయి అబద్ధం మిగిలితే ఆ ముక్కలో ఏమీ లేదు.

మోడ్ లోపల మోడ్ ఉంటే బయటినుంచి ఒక్కో పొర తీయండి. ||ఎక్స్| − 3| = 2 అంటే |ఎక్స్| − 3 అనేది 2 లేదా −2, కాబట్టి |ఎక్స్| 5 లేదా 1, కాబట్టి ఆన్సర్లు 5, −5, 1, −1, మొత్తం నాలుగు. గ్రాఫ్ ఎలా గీయాలంటే |ఎక్స్| అనే విని మూడు గళ్ళు కిందికి దించండి, అక్షం కిందికి దిగిపోయిన మొన భాగాన్ని పైకి మడవండి, డబ్ల్యూ ఆకారం వస్తుంది, మధ్య శిఖరం 3 ఎత్తులో. రెండు బదులు సరిగ్గా 3 ఇస్తే అడ్డగీత ఆ శిఖరాన్ని తాకుతుంది, ఆన్సర్లు 6, −6, 0, మొత్తం మూడు. బేసి సంఖ్యలో ఆన్సర్లు వచ్చాయేంటి అని కంగారు పడతారు, శిఖరం సరిగ్గా సున్నా దగ్గర ఉంది, సున్నాకి ప్లస్సూ మైనస్సూ ఒకటే, అంతే. 3 దాటితే మళ్ళీ రెండే, సున్నా ఇస్తే కూడా రెండే. ఎంట్రన్స్ పేపర్లలో "ఎన్ని సాధనలు" అని మాత్రమే అడిగే రకం ఇదే, విలువలు కనుక్కోవాల్సిన పనే లేదు, డబ్ల్యూ గీసి లెక్కపెట్టడమే.

ఎక్స్² తో పాటు |ఎక్స్| కనపడితే ఎక్స్² అంటే |ఎక్స్|² అని గుర్తు తెచ్చుకోండి. ఎక్స్² − |ఎక్స్| − 6 = 0 లో |ఎక్స్|ని టి అనుకుంటే టి² − టి − 6 = 0, టి = 3 లేదా −2, −2 కుదరదు, ఆన్సర్లు 3, −3. ఎక్స్² + 5|ఎక్స్| + 6 = 0 ఇస్తే ఏమీ చేయకండి, మైనస్ కాని రెండిటికి 6 కలిపితే సున్నా ఎలా వస్తుంది.

ఇప్పుడు గ్రాఫ్‌ని మరీ ఆకాశానికెత్తేశాను కాబట్టి దాని మోసం కూడా చెప్పాలి. ఈ రోజుల్లో చేత్తో గీసేది ఎవరు, డెస్మోస్‌లోనో జియోజీబ్రాలోనో టైప్ చేస్తే బొమ్మ వచ్చేస్తుంది. |ఎక్స్| = 0.9ఎక్స్ + 10 అని వేసి చూడండి. అడ్డంగా −10 నుంచి 10 దాకా ఉన్న స్క్రీన్‌లో ఎడమవైపు −5.26 దగ్గర ఒక్కటే కలయిక కనపడుతుంది, కుడివైపు రెండు గీతలూ దాదాపు జంటగా పోతున్నట్టుంటాయి, చాలామంది ఒక ఆన్సర్ రాసి లేచిపోతారు. కానీ వి స్లోప్ 1, గీత స్లోప్ 0.9, వి కొంచెం కొంచెంగా అయినా అందుకుని తీరాలి, ఆల్జీబ్రా చేస్తే ఎక్స్ = 100 దగ్గర కలుస్తాయి, స్క్రీన్‌కి పది రెట్లు అవతల. ఎడమది కూడా −5.26 కాదు, సరిగ్గా −100/19. కాబట్టి స్క్రీన్ బొమ్మని నమ్మే ముందు స్లోపులు పోల్చండి, బొమ్మ ఎక్కడ ఆగిపోయిందో చూడండి.

చివరగా ఎగ్జామ్ సంగతి. ప్రశ్నలో గ్రాఫ్ ద్వారా సాధించండి అని లేకపోతే గ్రాఫ్‌ని పక్కన రఫ్‌లో చిన్నగా గీసుకోండి, ఎన్ని రావాలో తెలుసుకోవడానికి, ఆన్సర్ మాత్రం ఆల్జీబ్రాలో రాయండి. గ్రాఫ్ ద్వారానే అని అడిగితే మొన, రెండు అక్షాల దగ్గర కోతలు, కలిసే పాయింట్లు, వీటికి అంకెలు వేసి చూపించండి, అంకెల్లేని వి బొమ్మకి ఎవరూ మార్కులివ్వరు. సాధన లేదు అని రాసేటప్పుడు ఊరికే ఆ మాట రాసి వదిలేయకండి, ఎందుకు లేదో ఒక లైను ఉండాలి. మీ లెక్కనే నేనైతే ఇలా రాస్తా: ఎడమవైపు మోడ్ కాబట్టి ఎక్స్ − 4 ≥ 0, అంటే ఎక్స్ ≥ 4. 2ఎక్స్ − 5 = ఎక్స్ − 4 అయితే ఎక్స్ = 1. 2ఎక్స్ − 5 = 4 − ఎక్స్ అయితే ఎక్స్ = 3. రెండూ 4 కంటే తక్కువ. కాబట్టి ఈ సమీకరణానికి సాధన లేదు.